మా ఊరు అట్లాంటిక్‌లో ఉందట

మాది పిడుగురాళ్ల. సున్నపు బట్టీల ఊరు. సముద్రం చూడాలంటే మావాళ్లు బాపట్ల దాకా పోయి, సూర్యలంకలో స్నానం చేసి వస్తారు. అది బంగాళాఖాతం. కానీ ఎయిర్ కెనడా వాళ్ల ఏరోప్లాన్ లెక్కలో మేం అట్లాంటిక్ వాళ్లం. మైళ్లు ఇచ్చి టికెట్ తీసుకునే పట్టికని 2020 నవంబరులో వాళ్లు తిరగరాశారు. ప్రపంచాన్ని నాలుగు ముక్కలు చేశారు: ఉత్తర అమెరికా, దక్షిణ అమెరికా, అట్లాంటిక్, పసిఫిక్. యూరప్, ఆఫ్రికా, మధ్యప్రాచ్యం, భారత ఉపఖండం అన్నీ అట్లాంటిక్ మూటలోకి పోయాయి. ఆ లెక్కన హైదరాబాదు నుంచి బ్యాంకాక్ వెళ్తే ఒక మహాసముద్రం నుంచి ఇంకో మహాసముద్రానికి వెళ్లినట్టు!

అమ్మకి చెప్తే, "ఏందిరా, మనది బంగాళాఖాతం కదా?" అంది. అమ్మ ఐదో తరగతి దాకా చదివింది.

నవ్వుకుని వదిలేయొచ్చు. సాహిత్య పత్రికలో విమానం టికెట్ల గోలేంటి అని మీరు అడగొచ్చు కూడా. నా దృష్టిలో పట్టిక కూడా రచనే. దాన్ని రాసినవాళ్లుంటారు, ఏం చెప్పాలో ఏం దాచాలో వాళ్లే తేల్చుకుంటారు. కథల్ని అంత పట్టిపట్టి చదివే మనం దీన్నెందుకు చదవం?

అమెరికన్ ఎయిర్‌లైన్స్ పట్టికలో దుబాయ్, హైదరాబాదు ఒకే ప్రాంతం. అదే పట్టికలో హవాయి మాత్రం మిగతా అమెరికాతో కలవదు, వేరే ప్రాంతం. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా ఛార్జీల కోసం గీసుకున్న భూగోళంలో మొరాకో, ట్యునీసియా యూరప్‌లో ఉంటాయి. ఈజిప్టు, సూడాన్ మధ్యప్రాచ్యంలో ఉంటాయి. ఇవేవీ తెలియక చేసిన తప్పులు కావు. గీసినవాళ్లకి ఖండాలు తెలుసు. వాళ్లు చూసేది విమానం ఏ వైపుగా పోతుంది, ఏ సీటు డబ్బులకే అమ్ముడుపోతుంది అని. టొరంటోలో కూర్చుని చూస్తే మనం అట్లాంటిక్ దాటాక వచ్చే జనం. ఆ పేరు మన నేలది కాదు, వాళ్ల దారిది.

"ఊరికే వచ్చే టికెట్టుకి ఇంత ఏడుపెందుకు?" అంటాడు మా ఆఫీసులో కార్డు పాయింట్ల నిపుణుడు ఒకాయన. ఊరికే ఎవరిచ్చారు? మైళ్లని విమాన సంస్థల దగ్గర బ్యాంకులు కొంటాయి. మనం కార్డు గీకినప్పుడల్లా షాపువాడు కట్టే కమీషన్‌లోంచి ఆ డబ్బు వస్తుంది. ఆ కమీషన్ వస్తువు ధరలో కలుస్తుంది. అంటే కార్డే లేకుండా నోటిచ్చి కొనేవాళ్లు కూడా నా మైళ్లకి ఎంతో కొంత కడుతున్నారు. 2020లో కోవిడ్ దెబ్బకి యునైటెడ్, డెల్టా తమ మైళ్ల పథకాలనే తాకట్టు పెట్టి బిలియన్ల డాలర్లు అప్పు తెచ్చుకున్నాయి. ఊరికే పంచిపెట్టేదాని మీద ఎవరైనా అంత అప్పిస్తారా?

ఆయన రెండో వాదన: ఇప్పుడు పట్టికలే పోతున్నాయి కదా, ఇక ప్రాంతాల గొడవ ఎక్కడిది? నిజమే. డెల్టా 2015లో పట్టిక తీసేసింది. యునైటెడ్ 2019లో తన సొంత విమానాలకి తీసేసింది. ఇది ఇంకా ఘోరం. మా పల్లెవెలుగు బస్సుల్లో స్టేజీల పద్ధతి ఉంటుంది. మధ్యలో దిగినా తర్వాతి స్టేజీ దాకా టికెట్ కొట్టాల్సిందే. "ఈడ దిగేదానికి ఆడిదాకా డబ్బులేంది?" అని కండక్టరుతో తగాదా పడే పెద్దమనుషుల్ని చిన్నప్పట్నుంచీ చూశాను. కానీ స్టేజీ ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. అందుకే తగాదా పడగలిగారు. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకు ముందు జనవరిలోనే ముసాయిదా వేసి అభ్యంతరాలు చెప్పమన్నారు. ఎంతవరకు విన్నారన్నది వేరే సంగతి, అడిగారు.

పోయినేడు అమ్మని అమెరికా తీసుకెళ్లడానికి ఒక సంస్థలో మైళ్లు కూడబెట్టాను. సోమవారం చూపించిన అంకె బుధవారానికి సగం మేర పెరిగింది. ఎందుకని ఫోన్ చేస్తే, "సిస్టమ్‌లో అలా చూపిస్తోందండీ" అన్నారు. సిస్టమ్ తనంతట తాను ఏదీ చూపించదు. పదేళ్లుగా నేను చేసే పని అదే. ఏ ఊరు ఏ ప్రాంతమో చెప్పే కోడ్‌ల పట్టికలు నేనూ నింపాను. ఆ గీత అక్కడే ఎందుకని మీటింగుల్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. ఏ దేశం ఏ ప్రాంతంలో ఉందో, అక్కడికి ఎన్ని మైళ్లో అచ్చు వేసి పెట్టండి. మార్చేముందు కొన్ని నెలల గడువివ్వండి. మమ్మల్ని అట్లాంటిక్‌లో పెట్టినా పర్లేదు, పెట్టినట్టు చెప్పండి. తప్పు పట్టుకునే వీలైనా ఉంటుంది.

అమ్మ టికెట్ చివరికి డబ్బులు పెట్టే కొన్నాను. శంషాబాద్‌లో దింపేటప్పుడు, "ఇంతకీ ఆ అట్లాంటిక్కు మీదుగానే పోతాదా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే కిటికీ పక్కన ఇప్పించు, మనూరు కనపడుద్దేమో చూస్తా" అంది.