ఆకును పారేసి ఎరువు కొనడమెందుకు?

అక్టోబరు చివరికి వచ్చేసరికి న్యూజెర్సీ, మిషిగన్, ఇల్లినాయి రాష్ట్రాల్లోని తెలుగు కుటుంబాల ఇళ్ల ముందు కూడా, ఇరుగుపొరుగు ఇళ్ల ముందు జరిగే పనే జరుగుతుంటుంది. మేపుల్, ఓక్ చెట్లు రాల్చిన ఆకును గుట్టలుగా ఊడ్చి, కాగితపు సంచుల్లో కుక్కి, రోడ్డు అంచున వరుసగా నిలబెడతారు. మునిసిపాలిటీ బండి వచ్చి ఎత్తుకుపోతుంది. ఆ వారాంతంలోనే దుకాణం నుంచి ‘వింటరైజర్’ అని రాసి ఉన్న ఎరువు బస్తా ఇంటికి వస్తుంది. ఆకు ఊడ్చేసిన ఆ గడ్డి మీదే దాన్ని చల్లుతారు. చలికాలానికి లాన్‌ను సిద్ధం చేయడమంటే ఇదేనన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. చెట్టు ఊరికే ఇచ్చిన ఎరువును బయటికి పంపేసి, గడ్డి సరిగా తీసుకోలేని రోజుల్లో డబ్బు పెట్టి కొన్న ఎరువు వేస్తున్నామన్న సంగతి ఎవరికీ తట్టడం లేదు. రాలిన ఆకు పెరట్లోనే ముక్కలై మట్టిలో కలవాలి. బస్తా ఎరువు వేయాలనుకుంటే ఆకు రాలకముందే, కొద్దిగా వేసి ఆపేయాలి. సౌకర్యం కోసం కాదు, గడ్డి మేలు కోసమే ఈ మాట చెబుతున్నాను.

ఉత్తర రాష్ట్రాల లాన్లలో ఎక్కువగా కనిపించేవి కెంటకీ బ్లూగ్రాస్, టాల్ ఫెస్క్యూ, పెరెన్నియల్ రైగ్రాస్. మూడూ చల్లదనాన్ని కోరుకునే రకాలు. జులై, ఆగస్టు ఎండలకు డీలాపడి, సెప్టెంబరులో రాత్రులు చల్లబడగానే తేరుకుంటాయి. అప్పటికి గాలి చల్లబడినా మట్టిలో వెచ్చదనం మిగిలే ఉంటుంది. గడ్డి వేళ్లు దించుకునేదీ, పిలకలు వేసేదీ ఆ రోజుల్లోనే. పైకి పెరగడం నెమ్మదించినా ఎండ అందుతూనే ఉంటుంది కాబట్టి, తయారైన పిండిపదార్థం మొదలులోనూ నేలలో పాకే కాండంలోనూ నిల్వ చేరుతుంది. మంచు కింద గడ్డిని బతికించేదీ, వసంతంలో మళ్లీ చిగురింపజేసేదీ ఆ నిల్వే. పలచబడ్డ చోట విత్తనం చల్లడం, గట్టిపడిన నేలకు బెజ్జాలు పొడిచే ఏరేషన్, ఎరువు వేయడం, ఇవన్నీ మన పండుగల లెక్కలో వినాయక చవితికి మొదలుపెట్టి దసరాకు ముగించాల్సిన పనులు. దీపావళి నాటికి వేసే బస్తా చాలాచోట్ల కాలం తప్పిన బస్తానే.

కాలం తప్పితే ఏమవుతుందో కనెక్టికట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వేర్వేరు తేదీల్లో లాన్ గడ్డికి ఎరువు వేసి, నేల లోపలికి ఇంకిన నీటిలో నైట్రేట్ ఎంత ఉందో కొలిచారు. ఎరువు వేసే తేదీ ఎంత ఆలస్యమైతే అంత ఎక్కువ నైట్రేట్ నీటిలో కొట్టుకుపోయింది. మట్టి చల్లబడ్డాక వేరు పీల్చుకునే శక్తి తగ్గుతుంది. ఎండ తగ్గి నీరు అంతగా ఆవిరి కాదు, కురిసిన వాన కిందికే దిగుతుంది. నీటిలో ఇట్టే కరిగే నైట్రేట్ దాంతోపాటు వెళ్లిపోతుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చల్లటి వాతావరణంలో గడ్డి నత్రజనిని ఎంత తీసుకుంటుందో పరీక్షించినవారు కూడా 2011లో ఇదే దిశగా తేల్చారు. ఆలస్యంగా వేసిన ఎరువు వల్ల వసంతంలో గడ్డి కాస్త ముందుగా పచ్చబడుతుందన్న మాట నిజమే. ఒకప్పుడు విశ్వవిద్యాలయాల వ్యవసాయ విస్తరణ విభాగాలే అలా వేయమని సలహా ఇచ్చేవి. కానీ ఆ ముందస్తు పచ్చదనం కోసం తాగునీటిలోకి నైట్రేట్ వదలడం ఏ లెక్కన చూసినా గిట్టుబాటు వ్యవహారం కాదు. చట్టాలూ ఆ నిర్ణయానికే వచ్చాయి. న్యూజెర్సీ 2011లో తెచ్చిన చట్టం ప్రకారం నవంబరు 15 నుంచి మార్చి 1 వరకు ఇంటివారు లాన్‌కు నత్రజని, భాస్వరం ఉన్న ఎరువు వేయకూడదు. మేరీల్యాండ్‌లోనూ ఇవే తేదీలు, ఆ చట్టం 2013 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. మట్టి పరీక్షలో అవసరమని తేలితే తప్ప, కొత్తగా లాన్ వేస్తే తప్ప భాస్వరం వాడొద్దని రెండు చోట్లా నిబంధన. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇల్లు కొనుక్కున్న కొత్త కుటుంబాల్లో ఎంతమందికి ఈ తేదీలు తెలుసు? గృహప్రవేశానికి ముందు చదివే కాగితాల్లో ఇవి ఉండవు.

టెక్సస్ సంగతి వేరు. ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి చోట్ల బర్ముడా, సెయింట్ అగస్టీన్ గడ్డి ఉంటుంది. అవి వేడిని కోరుకునే రకాలు, చలికి గోధుమరంగుకు తిరిగి నిద్రపోతాయి. నిద్రకు సిద్ధమవుతున్న గడ్డికి శరదృతువు చివర్లో నత్రజని పోస్తే లేత పోచలు వస్తాయి, తొలి మంచుకే మాడిపోతాయి. సెయింట్ అగస్టీన్‌లో శిలీంధ్రపు మచ్చ తెగుళ్లూ పెరుగుతాయి. న్యూజెర్సీలో ఉన్న బావగారు వాట్సాప్‌లో పంపిన క్యాలెండర్ డాలస్‌లో పనికిరాదు. బస్తా మీద పేరు ఒకటే అయినంత మాత్రాన గడ్డి ఒకటి కాదు.

ఇక అసలు విషయమైన ఆకు దగ్గరికి వద్దాం. ఆకును తీసేయకుండా అక్కడే మోవర్‌తో ముక్కలు చేయడాన్ని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి పరీక్షించింది. ఆరు అంగుళాల మందాన పడిన ఆకును కూడా గడ్డి మీదే చిన్న ముక్కలుగా చేయవచ్చని, గడ్డికి హాని కలగదని అక్కడి ప్రయోగాలు చూపాయి. పైగా మేపుల్ ఆకు ముక్కలు చేసిన చోట డాండిలయన్ కలుపు తగ్గింది. ఆకు ముక్కలు నేలను కప్పేయడంతో కలుపు విత్తనం మొలకెత్తే ఖాళీ చోటు దొరకదు. పర్డ్యూ విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగంలోనూ వరుసగా కొన్నేళ్లు ఆకు కలిపినా గడ్డి నాణ్యత తగ్గలేదు, మట్టి ఆమ్లత మారలేదు, తెగుళ్లు పెరగలేదు. ఓక్ ఆకు మట్టిని పులిపిస్తుందనీ, ఆకు వేస్తే గడ్డి అడుగున పొర కడుతుందనీ చెప్పేవారికి ఇదే సమాధానం. ఆ పొర చివకని కాడలు, వేళ్లతో ఏర్పడేది, ఆకుతో కాదు.

పద్ధతి చిన్నదే. మోవర్‌కు వెనక తగిలించే సంచి తీసేయాలి, బ్లేడు పదునుగా ఉండాలి, గడ్డి ఎత్తు మూడు అంగుళాల దగ్గర పెట్టుకోవాలి. ఆకు పొడిగా ఉన్న రోజు చూసి ఒకటి రెండుసార్లు అటూ ఇటూ తిప్పాలి. పని అయ్యాక నిలబడి చూస్తే ముక్కల మధ్య నుంచి గడ్డి పోచలు బాగా కనిపించాలి. కనిపించకపోతే ఇంకోసారి తిప్పాలి. అప్పటికీ ఎక్కువైతే మిగిలింది పూలమొక్కల పాదుల్లోకి తోయాలి. నెలరోజులు ఆకు రాలుతూనే ఉంటుంది కాబట్టి వారానికోసారి కోసే పనితోనే ఇదీ అయిపోతుంది. ఊడ్చడం, సంచులకెత్తడం, మోయడం తప్పుతాయి.

ఆకు ఎరువంటే తెలుగువాళ్లకు కొత్త కాదు. వరి వేసే ముందు జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి పూతకొచ్చే వేళకు కలియదున్నడం డెల్టా రైతుకు తెలిసిన విద్య. అయితే ఆ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. పచ్చిరొట్టలో నత్రజని పుష్కలం, త్వరగా చివుకుతుంది. ఎండి రాలిన మేపుల్ ఆకులో నత్రజని బరువులో నూటికి ఒక పాలు అటూ ఇటూ ఉంటుంది, కర్బనం చాలా ఎక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మొదట్లో మట్టిలోని నత్రజనినే కొంత వాడుకుంటాయి. అందుకని ఈ ఏడాది కలిపిన ఆకు వచ్చే నెలలోనే గడ్డిని ముదురు పచ్చగా చేస్తుందని చెబితే అది అబద్ధమవుతుంది. ఆకు పని నెమ్మదైనది. ఏటా కొంచెం కొంచెంగా మట్టిలో సేంద్రియ పదార్థం పెంచుతుంది, బంకమట్టిని గుల్లబారుస్తుంది, వానపాములకు మేతవుతుంది. సెప్టెంబరులో కొద్దిగా వేసిన ఎరువు ఉంటే మొదటి ఏడాది లోటూ కనిపించదు.

ఆకు కప్పితే గడ్డి ఊపిరాడక చస్తుందనీ, మంచు కరిగాక బూడిదరంగు బూజు మచ్చలు తేలుతాయనీ అనేవారు చెప్పేది నిజమే, కానీ ముక్కలు చేయని ఆకు విషయంలోనే. తడిసిన ఆకులు ఒకదానికొకటి అతుక్కుని చాపలా పరుచుకుంటే దాని కింద గడ్డి నిజంగానే పాడవుతుంది. అలా వదిలేయమని ఎవరూ చెప్పడం లేదు. ఆ బూజును పెంచేవాటిలో శరదృతువు చివర వేసిన నత్రజని కూడా ఒకటని మాత్రం గుర్తుంచుకోవాలి. కొత్తగా విత్తనం చల్లి మొలకలొచ్చిన చోట ఆకును మెల్లగా తీసేయాల్సిందే, లేత మొలకకు వెలుతురు కావాలి. ఆ ఆకును పక్కనున్న పాత గడ్డి మీద ముక్కలు చేస్తే సరిపోతుంది.

పిల్లలున్న ఇళ్లలో పురుగుల భయం ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఈశాన్య రాష్ట్రాల్లో లైమ్ జబ్బును వ్యాపింపజేసే నల్లకాళ్ల పిడుదులు ఆకుల్లోనే దాక్కుంటాయి, పెద్దవి అక్టోబరు, నవంబరులో చురుగ్గా తిరుగుతాయి. కానీ అవి కోరుకునేది తేమ, నీడ ఉన్న గుట్టను. ఎండ పడే లాన్ మీద సన్నగా తురిమిన ఆకు త్వరగా ఆరిపోతుంది. న్యూజెర్సీలోని మన్మౌత్ కౌంటీలో జరిపి 2020లో ప్రచురించిన పరిశోధన ఇంకో ముఖ్యమైన విషయం చెప్పింది. బ్లోయర్‌తో ఆకును పెరటి చివర చెట్ల అంచుకు నెట్టేసిన ఇళ్లలో, ఆ అంచుల్లో పిల్ల పిడుదులు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా దొరికాయి. లాన్ శుభ్రంగా కనిపించాలని చేసే పనే పిల్లలు ఆడుకునే చోటు పక్కన పిడుదుల్ని పోగుచేస్తోందన్నమాట.

ఆకు వీధిలోకి వెళ్తే ఏమవుతుందో కూడా కొలిచారు. విస్కాన్సిన్‌లోని మాడిసన్ నగరంలో అమెరికా భూగర్భ సర్వే సంస్థ రెండు ప్రాంతాలను పోల్చి 2016లో ఫలితాలు ప్రచురించింది. వాన పడేలోపే వీధుల్లో ఆకు తీసేసిన చోట, వాననీటిలో చెరువుల్లోకి వెళ్లే భాస్వరం 84 శాతం తగ్గింది. నత్రజని 74 శాతం తగ్గింది. ఆకు తీయని చోట ఏడాది మొత్తం భాస్వరంలో సగానికి పైగా ఆకు రాలే రోజుల్లోనే కొట్టుకుపోయింది. రోడ్డు అంచున గుట్టపోసిన ఆకు, బండి రాకముందే ఒక్క వాన పడితే, తేయాకులా నానిపోయి సారమంతా కాలువలోకి వదిలేస్తుంది. చెరువుల్లో నాచు పెరిగి చేపలు చావడానికి ఇదీ ఒక కారణమే. కాబట్టి ఆకును వీధిలోకి నెట్టకూడదు, వీధిలో పడినదాన్నీ వెనక్కి లాగి లాన్ మీదే తురమాలి. సంచుల్లో వెళ్లినదంతా కంపోస్టు అవుతుందనుకోవడమూ పొరపాటే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2018 లెక్కల ప్రకారం పెరటి వ్యర్థాలు మూడున్నర కోట్ల టన్నులు దాటాయి. అందులో కోటి టన్నులకు పైగా చెత్తగుంతల్లో పూడ్చారు. గాలి ఆడని ఆ గుంతల్లో ఆకు కుళ్లి మీథేన్ వాయువును వదులుతుంది.

ఈ విషయంలో హైదరాబాద్ గేటెడ్ కాలనీలకూ పాఠం ఉంది. అక్కడ ఆకు రాలేది మాఘ ఫాల్గుణాల్లో, లాన్లు కూడా వేడి రకాలవే. కానీ ఊడ్చిన ఆకును మూలన పోసి అంటించే అలవాటు ఇంకా పోలేదు. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటా నిషేధించి, మామూలుగా కాలిస్తే 5,000, పెద్దఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా పెట్టింది. తోటల ఆకును విడిగా ఉంచాలని, కాల్చకూడదని అదే ఏడాది వచ్చిన ఘనవ్యర్థాల నిబంధనలూ చెప్పాయి.

మళ్లీ అమెరికాకు వస్తే, చివరికి అందరూ ఆగిపోయేది ఒకే మాట దగ్గర. ‘మాకు తెలుసండీ, కానీ హెచ్‌వోఏ ఊరుకోదు.’ హెచ్‌వోఏ అంటే కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘం. ఇది నిజమైన ఇబ్బందే. నోటీసు వస్తుంది, జరిమానా పడుతుంది, పక్కింటివాళ్ల చూపు మారుతుంది. కొత్తగా వచ్చిన కుటుంబం ముందుగా చూసుకునేది ఇరుగుపొరుగుతో మాట రాకుండా ఉండటమే. అయితే ఆ సంఘం నియమాలను ఒకసారి తీసి చదవండి. చాలావాటిలో ఉండేది ఆకు పేరుకుపోకూడదని. ఆకు ఆ స్థలంలో ఉండనే కూడదని కాదు. తురిమిన ఆకు రెండు వారాల్లో గడ్డి పోచల మధ్యకు దిగిపోతుంది, వీధిలోంచి చూసేవారికి పచ్చికే కనిపిస్తుంది. ఇప్పుడు చాలా కాలనీల బోర్డుల్లో తెలుగువాళ్లే సభ్యులుగా, అధ్యక్షులుగా కూర్చుంటున్నారు. ఉమ్మడి స్థలాల లాన్ పనికి ఏటా గుత్తేదారుతో ఒప్పందం రాసుకునేది వాళ్లే. ఆ ఒప్పందంలో ‘ఆకు ఎత్తి తరలించడం’ అని ఒక పద్దు, ‘శరదృతువు చివరి ఎరువు’ అని ఇంకో పద్దు ఉంటాయి. మొదటిదాని బదులు అక్టోబరు, నవంబరుల్లో వారానికోసారి ఆకు తురమడానికి ఎంత తీసుకుంటారో ధర అడగాలి. రెండోదాన్ని సెప్టెంబరుకు మార్చి, మట్టి పరీక్ష చీటీ చూపించమనాలి. చాలాచోట్ల బడ్జెట్ సమావేశాలు ఆకు రాలే రోజుల్లోనే జరుగుతాయి. అడగాల్సింది అక్కడే.