తొట్టెలోని చెట్టు చేయగల పని

క్రింద మురుగునీటి గొట్టములు, వాని ప్రక్కన విద్యుత్తు తీగలు, పైన సిమెంటు కాలిబాట, ఆ కాలిబాట నంటి నిలిపిన కార్లు – ఇట్లు నేలయంతయు ఎవరికో యొకరికి ముందే దత్తమైపోయిన వీథిలో ఒక చెట్టు నాటవలెనని ఎవరైన అడిగినప్పుడు, గొయ్యి ఎక్కడ త్రవ్వవలెనను ప్రశ్నకు సమాధానము దొరకక, ఆ కోరిక సాధారణముగా కాగితము మీదనే యెండిపోవును. చెట్టును తొట్టెతో సహా తెచ్చి నిలిపి, వలసినప్పుడు మరల కదల్చుకొనిపోవుదమను ఆలోచన ఈ చిక్కునుండి పుట్టినదే.

ఉపాయము మాత్రము పాతది. వెర్సాయ్ రాజోద్యానమున 1684–86 నడుమ వాస్తుశిల్పి హార్డువా మాన్సార్ కట్టించిన నారింజచెట్ల శాలలో చలికాలమంతయు తలదాచుకొనిన చెట్లు, నేటికిని ఎండలు ముదిరిన పిమ్మట చతురస్రపు తొట్టెలతోనే వెలుపలికి వచ్చును. ఆ కొయ్యతొట్టెల ప్రక్కపలకలు తలుపులవలె తెరచుకొనునట్లు అమర్చుటచేత, తోటమాలి వేళ్ళను పరికించి, పెరిగిన వానిని కత్తిరించి, మట్టి మార్చగలడు. రాజవిలాసమునకై పుట్టిన ఈ నేర్పు సామాన్యుల వీథికి వచ్చుటకు మూడువందల యేండ్లు పట్టినది.

మ్యూనిక్ నగరమున గ్రీన్ సిటీ అను స్వచ్ఛంద సంస్థవారు 1992 నుండి సుమారు 15 చెట్లను చెట్టులేని వీథులకు తెచ్చి, కొన్ని వారములు నిలిపి, పిమ్మట ఊరేగింపుగా మరియొక వీథికి తరలించుచున్నారు. కారు నిలుపు చోటు పోవునని మొదట గొణిగినవారిలో కొందరికైనను, చెట్లు వెళ్ళిన మరునాడు ఆ చోటి బోసితనము కంటబడక మానదు. అట్టి పెక్కు వీథులలో తరువాత శాశ్వత వృక్షములు నాటినారు. 2022లో నెదర్లాండ్స్‌లోని లేవర్డెన్ పట్టణమున, బ్రూనో డూడెన్స్, యోప్ ముల్డర్‌ల సంకల్పముచే, వేయికి మించిన చెట్లను స్వచ్ఛంద సేవకులు బండ్లపై త్రోయుచు 100 దినములపాటు నగరమధ్యము గుండ నడిపించిరి. ప్రదర్శన ముగిసిన పిమ్మట ఆ చెట్లు పట్టణపు పేటలలో నేలకు చేరినవి. పాపము, ముల్డర్ అంతకు ముందటి యేడే మరణించుటచే ఆ వనసంచారమును చూడలేదు.

ఇంతమాత్రమున తొట్టెలోని చెట్టును నేలలోని చెట్టుతో సరితూచరాదు. వేళ్ళు పారుటకు చోటులేని చెట్టు కొమ్మలు చాపదు; మన వేసవిలో తొట్టెమట్టి ఒక్కపూటకే తడియారును; నీరుపోయు మనిషి నాలుగు దినములు రాకున్న ఆకులు రాలి, పుల్లలు మిగులును. అయినను, గొయ్యి త్రవ్వకముందే వీథివారి మనస్సులో చెట్టునకు చోటు సంపాదించు శక్తి దానికి కలదు, ఆ శక్తికొరకే దానిని తేవలెను. కావున తొట్టెల కనుమతి ఇచ్చు పురపాలకులు, నీటికిని మనిషికిని సొమ్ము చూపుటతోపాటు, ఆ వీథిలో గొయ్యి ఎచ్చట, ఏ యేట త్రవ్వింతురో ఆ కాగితముననే వ్రాయుట యుక్తము. లేనిచో కొట్టివేసిన చెట్టునకు జమాఖర్చులో కుండీ బదులై కూర్చుండును.

మా వీథి మొగను చిరకాలముగా ఒక వేపచెట్టు క్రింద ఇస్త్రీబండి నిలిచెడిది. వేపను కొట్టించి, ఆ మేర సిమెంటు తొట్టెలు వరుసగా పెట్టించి, వానిలో క్రోటను మొక్కలు నాటించినారు. ఇస్త్రీ చేయు నాతడు ఇప్పుడు ప్రొద్దుట ఎదుటి మేడ నీడకును, మధ్యాహ్నము తిరిగినపిదప ఈవలి మేడ నీడకును బండిని తానే త్రోసికొనుచున్నాడు.