సిపాయి కాగితములోని తప్పు దిద్దవలసిన దెవరు?

సైన్యమునుండి విడుదలయై యింటికి వచ్చు సిపాయి తనవెంట తెచ్చుకొను వస్తువులలో మిక్కిలి విలువగలది డిశ్చార్జి బుక్కు. భూమి దస్తావేజులతోపాటు దానిని పెట్టె అడుగున దాచుదురు. అతని పేరు, తండ్రిపేరు, పుట్టినతేదీ, కొలువున చేరిన దినము, విడుదలయైన దినము, విడుదలకు కారణము, నడవడి, భార్యాబిడ్డల పేరులు అందుండును. పింఛను, వైద్యసహాయము, మాజీ సైనికులకు ప్రత్యేకింపబడిన ఉద్యోగములు, తుదకు అతడు పోయినపిమ్మట భార్యకు రావలసిన కుటుంబ పింఛను, ఇవి యన్నియు ఆ చిన్న పుస్తకమును, దానికి మూలమైన రికార్డ్సు ఆఫీసు పత్రములను ఆశ్రయించియున్నవి. అందొక్క యక్షరము తప్పైనచో ఆ తప్పు ఇరువది ముప్పది యేండ్లు నోరెత్తక పడియుండి, ఇంటి యజమాని కన్నుమూసిన మరునాడు లేచి కూర్చుండును.

ఈ తప్పులు చేసినదెవరు? మన తెలుగుసీమనుండి సైన్యమునకు పోవువారు కొలదిమంది కారు. శ్రీకాకుళ విజయనగర మండలములలో సిపాయి లేని గ్రామములు అరుదు. పశ్చిమగోదావరి ప్రాంతపు మాధవరమునకు మిలిటరీ మాధవరమను పేరేల వచ్చెనో పాఠకు లెరిగినదే. ఈ గ్రామముల పిల్లవాడు పదునెనిమిదేండ్ల ప్రాయమున భర్తీకి పోయి గుమాస్తా యెదుట నిలుచును. మనలో ఇంటిపేరు ముందు, మనిషిపేరు వెనుక. ఉత్తరాదివారి యాచారము వేరు. గుమాస్తా తెలుగెరుగడు, వినబడినదానిని వినబడినట్లు ఇంగ్లీషు లిపిలో వ్రాయును. ఆ లిపిలో మన నకార ణకారములకు భేదము లేదు, లకార ళకారములకు భేదము లేదు, దీర్ఘమునకును హ్రస్వమునకును నియమము లేదు. ఇంగ్లీషులో వ్రాసినదానిని మరియొకడు హిందీలో చదువును. ఈ ప్రయాణమంతయు ముగియునప్పటికి ఇంటిపేరు మనిషిపేరగును. అప్పలనరసమ్మగారు అప్పల్ నర్సమా యగును. పుట్టినింట నొక పేరు, మెట్టినింట నొక పేరుగల యాడువారు మనలో నెందరు లేరు? పెండ్లియైన క్రొత్తలో సిపాయి తన దళములో చెప్పినది పిలుపు పేరో, పెట్టిన పేరో యెవరు విచారించిరి? పుట్టిన తేదీ సంగతి చెప్పనే యక్కరలేదు. బడిలో చేర్చిననాడు పంతులుగారు తోచినట్లు వేసిన తేదీయే మనలో వేలమందికి జన్మపత్రము.

పూర్వము పింఛను చెల్లించు బ్యాంకు గుమాస్తా మనిషిని చూచి గుర్తుపట్టెడివాడు. సుబేదారుగారి భార్య అని ఊరంతయు నెరిగియుండగా అక్షరము తేడాను పట్టించుకొనువాడు కాడు. రక్షణశాఖవారు పింఛనులను స్పర్శ్ అను కంప్యూటరు పద్ధతిలోనికి మార్చినపిమ్మట ఆ దాక్షిణ్యము పోయినది. యంత్రమునకు ముఖపరిచయము లేదు. ఆధార్ కార్డులో నొక యక్షరము, పింఛను పత్రములో వేరొక యక్షరమున్నయెడల దాని దృష్టిలో వారిద్దరు మనుష్యులు. యంత్రమును నిందించి ప్రయోజనము లేదు. పాతతప్పులను బయటపెట్టుట అది చేసిన యుపకార మనియు చెప్పవచ్చును. బయటపడిన తప్పు నెవరు దిద్దవలయునన్నదే ప్రశ్న.

నేడు దిద్దవలసినది విధవ. భర్త పోయి దినవారములు ముగియకమునుపే ఆమె నోటరీయొద్ద అఫిడవిట్టు వ్రాయించవలయును. ఈ పేరుగల యామెయు ఆ పేరుగల యామెయు ఒక్కరే యని అధికారిచేత ధ్రువపత్రము తేవలయును. కొన్ని సందర్భములలో తన పేరునుగూర్చి తానే పత్రికలలో ప్రకటన వేయించవలయును. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయముద్వారా ఆ కాగితములు దూరదేశముననున్న రికార్డ్సు ఆఫీసునకు పోవలయును. అక్కడినుండి ప్రయాగరాజులోని పింఛను అధికారులకు పోవలయును. సవరణ పత్రము మరల రావలయును. నడుమ నొక కాగితము కొరతయైనచో మొదటినుండి ఆరంభము. అంతవరకు పొయ్యిలో పిల్లి లేవని యింట ఆమె యేమి తిని బ్రతుకవలయునో చెప్పు నిబంధన యేదియు లేదు.

దీనికి అధికారులు చెప్పు సమాధానము మనకు తెలియును. పింఛను ప్రజల ధనము. దొంగభార్యలును దొంగకొడుకులును పుట్టుకొనివత్తురు. విరమణ సమీపించినప్పుడు వయస్సు తగ్గించుకొన జూచువారు కలరు. కావున జాగ్రత్త యవసరము. నిజమే. ఒకనికి లాభము కలిగించు మార్పును ప్రభుత్వము శంకతో చూచుట న్యాయము. కాని నర్సమాను నరసమ్మగా దిద్దుటవలన నెవరికేమి లాభము? ముప్పదియేండ్లు భర్తతో కాపురముచేసి, అతని పత్రములలోనే తన ఛాయాచిత్రముగల యామె క్రొత్తగా దోచుకొనున దేమి? మోసమును పట్టుటకు చేసిన వలలో మోసగాడు పడుట యరుదు. వాని కాగితములు ఎప్పుడును సరిగానే యుండును.

ఇది చదువురాని సిపాయిలకు మాత్రమే కలుగు చిక్కని తలపరాదు. 2010 మార్చి 31న సైన్యాధిపతియైన జనరల్ వి. కె. సింగ్ గారి పుట్టిన సంవత్సరము సైన్యపు ప్రధాన కార్యాలయములోని యొక శాఖ పుస్తకములందు 1951, వేరొక శాఖ పుస్తకములందు 1950. బాల్యమున ఆయన నేషనల్ డిఫెన్సు అకాడమీకి పెట్టుకొన్న దరఖాస్తులో 1950 అని పడినది. మెట్రిక్యులేషను పత్రములో 1951 అని యున్నది. ఒకే కార్యాలయమందలి రెండు శాఖలును రెండు సంవత్సరములను దశాబ్దములపాటు భద్రముగా కాపాడుకొనుచు వచ్చినవి. తుదకు ప్రభుత్వము 1950నే నిలిపినది. ఆయన సుప్రీముకోర్టునకు పోయి, 2012 ఫిబ్రవరి 10న వ్యాజ్యమును ఉపసంహరించుకొని, ఆ మే నెల 31న పదవి విడిచిరి. ఆయన మునుపు 1950ని అంగీకరించుచు వ్రాసియుండుట ఆయనకు అడ్డమైనది. ఆ వివాదపు గుణదోషములు మనకిపు డప్రస్తుతములు. పది లక్షలకు మించిన సేనకు అధిపతియైనవానికే తన పుట్టినతేదీని రెండు పుస్తకములలో నొక్కటి చేయించుకొనుట సాధ్యము కాకపోగా, మాధవరపు నాయకుని భార్య కెట్లు సాధ్యమగును?

పేరులోని తప్పు కంటికి కనబడును. కనబడని తప్పు మరియొకటి కలదు. అది యింతకంటె దారుణమైనది. రోగియై సేవనుండి తొలగింపబడు సిపాయిని వైద్యమండలి పరీక్షించి, అతని వ్యాధి సైనికసేవవలన కలిగినదియు కాదు, సేవవలన ముదిరినదియు కాదు అని యొక పంక్తి వ్రాయును. ఈ పంక్తితో వికలాంగ పింఛను పోవును. మందుపాతరచేత కాలు పోయినవానివిషయమున ఈ మాట వ్రాయుటకు ఎవరికిని చేయాడదు. మూర్ఛ, మనోవ్యాధి, రక్తపుపోటు మొదలగు కంటికి కనబడని రోగములవారి విషయమున నిది సులభము. కారణము వ్రాయనక్కరలేదని వైద్యమండలులు తలచుచు వచ్చినవి.

ధరంవీర్ సింగ్ అను సిపాయి 1985 జూన్ 15న సిగ్నల్సు దళములో చేరెను. చేరినప్పుడు జరిగిన పరీక్షలో ఏ రోగమును లేదు. తొమ్మిదేండ్లకు దరిదాపు సేవచేసినపిమ్మట మూర్ఛరోగము కారణముగా 1994 ఏప్రిల్ 1న అతనిని పంపివేసిరి. వైకల్యము నూటికి 20 పాళ్లు. కాగితములో ఆ పంక్తియే వ్రాసిరి. హైకోర్టులో నొక న్యాయమూర్తి అతని పక్షమున తీర్పు చెప్పగా, పై ధర్మాసనము దానిని కొట్టివేసెను. 2013 జూలై 2న సుప్రీముకోర్టువారు అతనికి పింఛను నిప్పించిరి. వారు క్రొత్తధర్మ మేదియు కనిపెట్టలేదు. 1982వ సంవత్సరపు ప్రభుత్వ నియమావళినే విప్పి చదివిరి. చేరినప్పుడు రోగము నమోదుకాకున్నచో ఆ రోగము సేవలో కలిగినదనియే యెంచవలయును. కాదనువారు కారణము వ్రాయవలయును. సందేహముండిన దాని లాభము సిపాయికే చెందవలయును. రుజువుభారము అతనిపై మోపరాదు. నియమము 1982 నుండి పుస్తకములోనే యుండెను. పంతొమ్మిదేండ్లు కోర్టుల చుట్టు తిరిగినపిమ్మట గాని దానిని అతని కెవరును చదివి వినిపించలేదు.

ఈ విషయమున మమ్మును మిక్కిలి కలతపెట్టునది వేరొకటి కలదు. పింఛను లేని సిపాయి సేవాపత్రములను 25 సంవత్సరముల పిమ్మట నాశనము చేయవచ్చునని సైన్యపు నిబంధన. పింఛను కలవాని పత్రములను అంతకంటె నెక్కువకాలము దాచుదురు. దీని పర్యవసానమును పాఠకులు యోచింతురుగాక. తప్పుగా వ్రాసిన యొక పంక్తివలన సిపాయికి పింఛను లేకపోవుచున్నది. పింఛను లేనందువలన అతని పత్రములు త్వరగా తగులబెట్టబడుచున్నవి. పత్రములు లేనందువలన ఆ పంక్తి తప్పని నిరూపించుటకు ఆధారము లేకపోవుచున్నది. తప్పు తనకు వ్యతిరేకమైన సాక్ష్యమును తానే దహించుకొనుచున్నది. దొంగకు ఖజానా తాళపుచెవి యిచ్చినట్లున్నది ఈ యేర్పాటు! పిమ్మట ట్రిబ్యునలునకు పోయిన సిపాయితో, నీ పత్రములు నాశనమైనవి, నీ వాదమునకు రుజువేది యని ప్రభుత్వపక్షపు వకీలు అడుగును.

సాయుధదళముల ట్రిబ్యునల్ 2007వ సంవత్సరపు చట్టమువలన నేర్పడి 2009లో పని నారంభించినది. అదియు ప్రయోజనకరమైన సంస్థయే. మన రెండు తెలుగు రాష్ట్రములవారికి దాని చెన్నపురి శాఖ దిక్కు. అధికారుల తుది యుత్తరువు వచ్చిన యారునెలలలోపల అచ్చటికి పోవలయును. ఆలస్యమైనచో కారణము చూపి క్షమింపుమని వేడవలయును. క్షమించినను పోయిన కాలము రాదు. తర్సేమ్ సింగ్ అను సిపాయి 1983 నవంబరులో రోగకారణమున పంపివేయబడి 1999లో హైకోర్టునకు పోయెను. 2008లో సుప్రీముకోర్టువారు అతని హక్కును నిలిపిరి గాని, వ్యాజ్యము వేయుటకు పూర్వపు బకాయిని సుమారు మూడేండ్లకే పరిమితము చేసిరి. తక్కిన పండ్రెండేండ్ల పింఛను ప్రభుత్వమునకే మిగిలెను. ఆలస్యముచేసిన కక్షిదారునిగూర్చి కోర్టులు పాటించు సాధారణ న్యాయ మది. మేము దానిని తప్పుపట్టము. కాని చెల్లించకుండుటలో ఎన్ని యేండ్లు గడిచిన అంత మిగులు ఉండునని ప్రభుత్వపు గుమాస్తాకు తెలిసియుండుట మంచిది కాదు.

ఇతరదేశముల సంగతి చూతము. అమెరికాలో 1906వ సంవత్సరమున టెక్సాసు రాష్ట్రపు బ్రౌన్స్‌విల్ పట్టణములో రాత్రివేళ కాల్పులు జరిగి యొకడు చనిపోయెను. నేరము ఆ యూరి నల్లజాతి సిపాయిలపై మోపబడెను. విచారణ లేదు, సాక్ష్యము నిలువలేదు. అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్టు 167 మందిని గౌరవరహితులనుగా వ్రాసి పంపివేసెను. అందు ఇరువదియేండ్లు దాటిన సేవ గలవారు నుండిరి. 1972లో గాని సైన్యమువారు ఆ వ్రాతను దిద్దలేదు. 1973లో పరిహారముగా 25,000 డాలర్లు అందుకొనుటకు మిగిలినవాడు డోర్సీ విల్లిస్ అను వృద్ధు డొక్కడు. అతడు మినియాపొలిస్ పట్టణములో బూట్లకు మెరుగుపెట్టి యాయుష్యమంతయు గడిపినవాడు. అట్టి దేశముకూడ కొంత నేర్చుకొన్నది. మునుపు ఒక్కొక్క సిపాయి కాగితమును దిద్దుటకు శాసనసభ ప్రత్యేక చట్టము చేయవలసివచ్చెడిది. 1944, 1946 సంవత్సరముల చట్టములచేత ఇందుకై మండలు లేర్పడినవి. 1946 చట్టపు మండలిలో కూర్చుండువారు సైనికులు కారు, పౌరాధికారులు. తప్పునేకాక అన్యాయమునుకూడ దిద్దుటకు వారికి చట్టము అధికార మిచ్చినది. అక్కడను గడువు కలదు, అక్కడను రుజువుభారము సిపాయిదే. ఆ పద్ధతి యంతయు ఆదర్శమని మేము చెప్పము. కాని కోర్టు మెట్లెక్కకయే కాగితమును దిద్దించుకొనుటకు వానికొక వాకిలి కలదు.

మన రక్షణశాఖవారు ఈపని చేయుటకు క్రొత్తధనము వెచ్చింప నక్కరలేదు. విడుదలకు ముందు ప్రతి సిపాయికి వాని పుస్తకమును వాని భాషలో చదివి వినిపించి సంతకము తీసికొనవచ్చును. వైద్యమండలి నిర్ణయపు నకలును, దానికి కారణములతోకూడ, వాని చేతికియ్యవచ్చును. స్పర్శ్ యంత్రము పేరులలో భేదము చూపినప్పుడు విధవకు పింఛను నిలుపక, రికార్డ్సు ఆఫీసువారే ఆ గ్రామపు రెవిన్యూ అధికారికి వ్రాసి విచారింపవచ్చును. వారు వ్రాసిన తప్పును వారు దిద్దుకొనుటలో అగౌరవము లేదు. అన్నిటికంటె ముందు, వికలాంగ పింఛను నిరాకరింపబడినవాని పత్రములను అతనికి తెలుపకుండ నాశనము చేయుట మానవలయును. పత్రములను కంప్యూటరులో నెక్కించుచున్న యీ కాలమున ఆ యగ్నిహోత్రమున కవసరమేమి?

ప్రభుత్వమువారు మేలుకొనులోపల మన పాఠకులలో సైనిక కుటుంబములవారు చేయవలసినది కలదు. పెట్టె తీసి డిశ్చార్జి బుక్కును, పింఛను పత్రమును, భార్య ఆధార్ కార్డును ప్రక్క ప్రక్కన పెట్టి అక్షర మక్షరము పోల్చి చూడుడు. సిపాయి బ్రతికియుండగా అతని సంతకముతో పోవు దరఖాస్తునకును, అతడు పోయినపిమ్మట విధవ వేలిముద్రతో పోవు దరఖాస్తునకును చాల భేదము కలదు. రోగకారణమున పింఛను లేకుండ పంపివేయబడినవారు వైద్యమండలి పత్రముల నకళ్లకై రికార్డ్సు ఆఫీసునకు రిజిస్టరు తపాలాలో నేడే వ్రాయవలయును. సమాచారహక్కు చట్టము క్రింద అడిగిన మరియు మంచిది. 2002వ సంవత్సరమున అట్లు పంపివేయబడినవాని కాగితములకు గడువు 2027.