ఆసుపత్రినుండి మరలివచ్చిన పెద్దలు

పెద్దవారు ఆసుపత్రిలో నున్నన్నాళ్లు ఇంటిల్లిపాదికిని ఆందోళనయే. వారిని ఇంటికి తెచ్చిననాడు గుమ్మమున ఎఱ్ఱనీళ్లు దిగదుడిచి, మెత్తని పక్క పఱచి పరుండబెట్టి, గండము గడిచినదని నిట్టూర్చెదము. గడిచినది సగము గండమే. అమెరికా దేశపు వైద్యుడు హార్లన్ క్రుమ్‌హోల్జ్ గారు 2013లో ఈ సంగతినే చర్చించిరి. ఆ దేశమున ప్రభుత్వ బీమాగల వృద్ధులలో ఇంచుమించు అయిదవవంతు మంది, ఆసుపత్రి విడిచిన 30 దినములలో మరల ఆసుపత్రి చేరుచుండిరట. పెక్కుమందిని మరల తీసికొనివచ్చినది మొదటి జబ్బు కాదు. నిద్రలేమి, తిండి సరిపడకుండుట, మందుల మత్తు, కదలక పడియుండుట, ఇవి శరీరమును క్రుంగదీయుటవలన వచ్చిన క్రొత్త చిక్కులే వారిని తెచ్చినవని ఆయన వాదము.

చరకసంహితలో చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు కావలసిన గుణములు మరల నాలుగు. ఉపచారము తెలిసియుండుట మొదటిది, నేర్పు రెండవది, అనురాగము మూడవది, శుచి నాలుగవది. మన యిండ్లలో ఆ మూడవదానికి లోటులేదు. అత్తమామలను, తలిదండ్రులను కాలు క్రింద పెట్టనీయకుండ చూచుకొనుటయే సేవయని నమ్మియున్నాము. ఆ నమ్మకముతోనే వారిని మంచమునకు అంటగట్టుచున్నాము.

ఈ మాసము తుంటియెముక విరిగిన పెద్దలను గూర్చియే ముఖ్యముగ వ్రాయుచున్నాము. వయసు మళ్లిన స్త్రీలకు ఈ ప్రమాదము పురుషులకంటె ఎక్కువ. మా యింటనే నిరుడు మా అత్తగారు స్నానముల గదిలో జారిపడిరి. రెండవనాడు శస్త్రచికిత్స జరిగినది. ఆ మరునాడే వ్యాయామము చేయించు అమ్మాయి వచ్చి ఆమెను వాకరు పట్టించి నిలువబెట్టినది. ఇంటికి వచ్చిన పిమ్మట మాత్రము అత్తగారు లేవనన్నారు. "పడుండనీవే అమ్మాయీ, నీకు పుణ్యముంటుంది" అని మొఱ. చూడవచ్చిన చుట్టములు "ముసలిప్రాణాన్ని ఎందుకమ్మా హింసపెడతావు?" అని మమ్ములనే తప్పుపట్టిరి. మేము వారికి కాఫీలిచ్చి పంపి, "అత్తయ్యా, ఆ తలుపు దాకా వెళ్లి వద్దాం, అంతే" అని దినమునకు నాలుగుసారులు లేపితిమి. వారమునకు తలుపు, పక్షమునకు వసారా, నెలకు తులసికోట. నొప్పిమాత్ర వేసిన కొంతసేపటికి, అది పనిచేయునపుడు లేపుచుంటిమి. నొప్పిని ఓర్చుకొని నడువుమనుట క్రౌర్యమే. నొప్పి తగ్గించి నడిపించుట క్రౌర్యము కాదు.

దీనికి కారణము వినుడు. 2007లో అమెరికాలో ఆరోగ్యముగా నున్న కొందఱు పెద్దలను 10 దినములు మంచముపైననే ఉంచి పరీక్షించిరి. ఏ జబ్బును లేకయే వారి కాళ్లలో ఇంచుమించు ఒక కిలో కండ తరిగిపోయెను. కోతపడి, అన్నము సయింపనివారి మాట వేఱుగ చెప్పవలెనా? పండుకొనియున్నకొలది ఊపిరితిత్తులలో కఫము నిలుచును, కాలి సిరలలో నెత్తురు గడ్డకట్టును, వీపు పుండుపడును. విరిగిన కాలిపై ఎంత బరువు మోపవచ్చునో ఆసుపత్రి వదలకమునుపే శస్త్రవైద్యుని అడిగి తెలిసికొనవలెను. పెక్కుమందికి వెంటనే మోపుమనియే చెప్పుదురు.

లేపుటకును పద్ధతి కలదు. చేతులు పట్టి లాగరాదు, చంకలలో చేతులువేసి ఎత్తరాదు. మొదట మంచపు అంచున కాళ్లు వ్రేలాడవేసి రెండు నిమిషములు కూర్చుండబెట్టవలెను. తటాలున లేచినచో రక్తపుపోటు పడిపోయి కన్నులు తిరుగును. నడుమునకు వెడల్పయిన పట్టీ కట్టి, దానిని పట్టుకొని ప్రక్కన నిలువవలెను. నులకమంచము ఇట్టివారికి పనికిరాదు. అది గోయివలె క్రుంగి, లేవనీయదు. పాదములు నేలకు ఆనునంత ఎత్తుగల గట్టిమంచము, చేతులున్న కుర్చీ కావలెను. తుంటికీలు మార్చినవారు వైద్యుడు ఒప్పుకొనువఱకు నేలపై కూర్చుండరాదు, గొంతుకూర్చుండరాదు. కావున మరుగుదొడ్డికి రంధ్రముగల కుర్చీ వేయవలెను. ఇక మన గడపలు! పసుపు కుంకుమలతో పూజించు ఆ గడపయే వాకరుకు అడ్డుగోడ. ఏటవాలుగ చెక్క పలక బిగించినచో లక్ష్మీదేవి అలుగదని మా నమ్మకము. తడినేల, జారు చాపలు, రాత్రి చీకటి, వీనిని గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు.

లేవలేనివారిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. తోకయెముకవద్ద, మడమలవద్ద ప్రతిదినము చూడుడు. ఎఱ్ఱబారి, ఒత్తిడి తీసినను ఆ యెఱుపు పోకున్నచో అది పుండునకు నాంది, దానిని రుద్దరాదు. పిక్క ఒకవైపే వాచి నొప్పిపెట్టినపుడు మనవారు నువ్వులనూనె కాచి మర్దన మొదలుపెట్టుదురు. అది మిక్కిలి అపాయము. లోపల నెత్తురుగడ్డ యున్నచో కదలి ఊపిరితిత్తులకు పోవచ్చును. వెంటనే వైద్యునకు చెప్పవలెను; ఊపిరి ఆడకున్నను, రొమ్మున నొప్పి వచ్చినను 108కి ఫోను చేయవలెను.

పథ్యము మాట. లంఖణము పరమౌషధమను సామెత మన వంటయింటిని ఇంకను ఏలుచున్నది. పప్పు తిన్న చీముపట్టునని, గ్రుడ్డు వేడియని, పెరుగు వాతమని ఒక్కొక్కటే తీసివేసి, తుదకు చారన్నమును, కాల్చిన అప్పడమును మిగిల్చెదరు. కోత మానుటకు, కరగిన కండ మరల పట్టుటకు కావలసినవి ఆ తీసివేసినవే. పప్పునకును చీమునకును సంబంధము లేదు, చీముపట్టుట క్రిములవలన. కోలుకొను పెద్దవారికి శరీరపు బరువులో కిలో ఒక్కింటికి దినమునకు 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు వలయునని వైద్యులందురు. అనగా 50 కిలోల మనిషికి 60 నుండి 75 గ్రాములు. ఒక గ్రుడ్డున, ఒక గ్లాసు పాలలో, 30 గ్రాముల కందిపప్పులో ఒక్కొక్కదాన సుమారు 6 గ్రాములు మాత్రమే కలదు. లెక్క వేసి చూచినచో మనము పెట్టునది ఎంత తక్కువయో తెలియును. గ్రుడ్డు ముట్టనివారికి ముద్దపప్పు, పెసరకట్టు, గట్టిపెరుగు, మధ్యాహ్నమున ఒక సున్నుండ. ఒక్కసారిగ తినలేరు కనుక కొంచెముకొంచెముగ అయిదాఱు సారులు. మూత్రపిండముల జబ్బున్నవారికి, మధుమేహమున్నవారికి వైద్యుడు చెప్పిన కొలతయే కొలత.

మఱియొక సంగతి యిల్లాండ్రను మిక్కిలి భయపెట్టునది. నిన్నటివఱకు తెలివిగ మాటలాడినవారు సందెవేళకు కోడలిని గుర్తింపక, చనిపోయినవారిని పిలుచుచు, లేనివానిని చూచుచుందురు. గాలి సోకినదని కొందఱు, పైకాలము సమీపించినదని కొందఱు అందురు. చాదస్తమని కసరుకొనువారును కలరు. ఇది ఆకస్మికముగ వచ్చు మతిభ్రమ. దీనికి తఱచు శరీరమందే కారణముండును. మూత్రమున క్రిములు చేరుట, మలబద్ధము, నొప్పి, క్రొత్త మందు, నీరు చాలకుండుట. పెద్దవారు మాటిమాటికి లేవలేక నీళ్లు త్రాగుట మానివేయుట మనమెఱిగినదే. ఆనాడే వైద్యునకు తెలుపవలెను. ఇంతలో కండ్లజోడు పెట్టుడు, వినికిడి యంత్రము తగిలింపుడు, దీపము వెలిగింపుడు, ఎదుట గడియారము నుంచుడు. పేరు చెప్పి, చేయి పట్టుకొని నెమ్మదిగ మాటలాడుడు, వాదింపకుడు. చాలమందికి ఇది కుదురును.

మందుల కాగితము ఆంగ్లముననే యుండును. ఏది ఎప్పుడు, ఎన్నాళ్లు, పాతవానిలో ఏవి మానవలెను అని నర్సును అడిగి తెలుగున వ్రాసికొనక కదలరాదు. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఇంటికి వచ్చుట, రెండును మ్రింగించుట సామాన్యముగ జరుగుచున్న పొరపాటు.

ఇన్ని పనులు చేయునదెవరు? కోడలే, లేదా కూతురే. 2024 అక్టోబరునుండి 70 యేండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ, సంవత్సరమునకు కుటుంబమునకు 5 లక్షల రూపాయలవఱకు ఆసుపత్రి ఖర్చు భరించు పథకము కేంద్ర ప్రభుత్వము పెట్టినది. అది ఆసుపత్రికే, ఇంట రాత్రులు మేల్కొను ఆడుదానికి కాదు. మా యింట రాత్రి పదినుండి రెండువఱకు మా వారు మేల్కొనిరి. బడిలో నిలబడి పాఠము చెప్పువానికి తల్లిని ప్రక్కకు త్రిప్పుట చేతగాదనుట వినరాని మాట. నలుగురున్న యింట వంతులు కాగితముపై వ్రాసి గోడకు అంటింపుడు. నోటిమాటగ నున్నచో వంతులన్నియు వంటయింటికే వచ్చును. ఆయాను పెట్టుకొనగలవారు పెట్టుకొనవచ్చును, కాని లేపుట, త్రిప్పుట ఆమెకు వచ్చునో రాదో మొదటిదినమే చేయించి చూడవలెను.

పెద్దవారి యెదుట వారిని గూర్చి వారు లేనట్లు మాటలాడకుడు. మా అత్తగారికి కుర్చీలో కూర్చుండబెట్టి తోటకూర వలువనిచ్చితిమి. ప్రత్తి యిచ్చిన వత్తులు చేసిరి. మూడవవారమున పులుసులో ఉప్పెక్కువైనదని మమ్ములను కసరిరి. ఆనాడు మాకు ధైర్యము వచ్చినది.

కాలు కుదిరిన తరువాత అందఱును మఱచునది ఒకటి కలదు. నిలుచున్న యెత్తునుండి పడినంతనే తుంటి విరిగినదనిన, ఎముకలన్నియు గుల్లబారియున్నవని అనుమానింపవలెను. రెండవ తుంటియు అట్లే విరుగవచ్చును. దీనికి మాత్రలును, ఏడాదికొకసారి ఎక్కించు మందును కలవు. డి విటమినును చూడవలెను. తదుపరి పరీక్షకు పోవునపుడు ఈ ప్రశ్నను కాగితముపై వ్రాసికొని పొండు. వైద్యుని గదిలో అడుగుపెట్టినంతనే మనకు సగము సంగతులు మఱపునకు వచ్చును.