సైకిలు కట్టబోయే పిల్లలకు



సొంతంగా ఫ్రేములు అతికి, ఎవరి ముచ్చటకు తగ్గట్టు వాళ్ళకి సైకిలు చేసిస్తామంటూ మీలో కొందరు ఈమధ్య నా షాపుకొస్తున్నారు. ఫోనులో బొమ్మలు చూపిస్తున్నారు. బాగున్నాయి. ఏలూరులో 46 ఏళ్ళుగా సైకిళ్ళు బిగిస్తున్నవాణ్ణి. వచ్చిన ప్రతివాళ్ళకీ మొదట్నుంచీ చెప్పే ఓపిక తగ్గి, అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరనుకుంటున్నంత కొత్త పనేం కాదిది. నేను పనిలో చేరిన రోజుల్లో మా షాపుకి సైకిలు విడి భాగాలుగానే వచ్చేది. ఫ్రేములు ఒక కట్ట, రిమ్ములు ఒక కట్ట, పుల్లలు గ్రోసుల లెక్కన. కొనేవాడు బల్ల మీద కూర్చుని ఒక్కొక్కటే ఎంచుకునేవాడు. ఫ్రేము 22 అంగుళాలా, 24 అంగుళాలా? డైనమో ఏ పక్కన? ముందు లైటు నిండుగా వెలగాలా, బెల్లు మోగితే వీధి చివర వినబడాలా? ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40, బరువంతా వెనకే కదా. పాలాయనకైతే క్యారేజీ కింద ఇంకో రెండు కడ్డీలు. మేం దీన్ని ఫిట్టింగు అనేవాళ్ళం, మీరేదో పెద్ద పేరు పెట్టారు.

నేను చేసినవాటిలో నాకు బాగా గుర్తున్నది కత్తులకు సానపట్టే ఒకాయన సైకిలు. స్టాండు వేసి తొక్కితే వెనక చక్రం తిరగాలి, ఆ చక్రం నుంచి బెల్టు, ఆ బెల్టుతో ముందున్న సానరాయి తిరగాలి. నేను రాయిని హ్యాండిలు దగ్గరగా బిగించాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది, నలుగురూ మెచ్చుకున్నారు కూడా. మర్నాడే ఆయన తిరిగొచ్చాడు. తిట్టలేదు. “నువ్వొకసారి కూర్చుని కత్తి పట్టు బాబూ” అన్నాడంతే. కూర్చున్నాను. రాయి అందుకోవాలంటే ఎంత ముందుకి వంగాలో, వంగితే పెడలు మీద పాదం ఎలా జారుతుందో అప్పుడు తెలిసింది. రాయిని జానెడు వెనక్కి జరిపి, నాలుగు వేళ్ళు పైకెత్తాను. ఆ రెండో సైకిలు అందంగా లేదు. దాని మీదే ఆయన ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు.

తొక్కేవాడి ఒళ్ళే అసలు కొలత అనడానికి ఇంకో ఉదాహరణ చెప్తాను. జపాన్‌లో కీరిన్ అనే సైకిలు పందేలు 1948లో కొకురాలో మొదలయ్యాయి. జనం డబ్బు కాసే పందేలు గనక, బండి వల్ల ఎవరికీ లాభం రాకూడదని భాగాలన్నిటికీ గట్టి నియమాలు పెట్టారు. సంప్రదాయ పందేల్లో ఇప్పటికీ ఆమోదం పొందినవాళ్ళు చేత్తో అతికిన స్టీలు ఫ్రేములే. ఒసాకా దగ్గర యోషియాకి నాగసావా అనే ఆయన, ఇటలీ వెళ్ళి పని నేర్చుకొచ్చి, కొయిచి నకానో అనే కీరిన్ ఆటగాడికి ఫ్రేములు కట్టాడు. ఆ నకానో 1977 నుంచి 1986 దాకా వరసగా పదిసార్లు ప్రపంచ స్ప్రింట్ విజేత. కీరిన్‌లో స్టీలైనా చక్రాలైనా అందరికీ ఒకే నియమాలు. ఆటగాడికి తనదంటూ మిగిలేది తన ఒంటి కొలతే.

కొలతకి మీ దగ్గర లెక్కుంది. తొడల మధ్య నుంచి నేల దాకా కొలిచి 0.883తో గుణిస్తారు. 80 సెంటీమీటర్లయితే క్రాంకు ఇరుసు నుంచి సీటు పైదాకా 70.6. మేం మడమని పెడలు మీద ఆనించి కాలు నిటారుగా వచ్చిందా అని చూసేవాళ్ళం. రెండూ ఇంచుమించు ఒక చోటికే వస్తాయి. అయితే దారిలో కనబడ్డ ప్రతివాడితోనూ కాలు కింద పెట్టి మాట్లాడే మేస్టారికి సీటు రెండు వేళ్ళు దింపాలని టేపు చెప్పదు. ఆయన వీధిలో వచ్చేటప్పుడు మీరు చూసుండాలి. రంగు మాత్రం వాళ్ళిష్టం. చిలకపచ్చ మీద గులాబీ గీతలడిగినా మొహం చిట్లించకుండా వేయండి.

ఇక అతుకు. కుర్రతనంలో నాకో మొండి నమ్మకం ఉండేది, మంట ఎంతసేపు పెడితే అతుకంత గట్టిపడుతుందని. పేపర్లు వేసే కుర్రాడొకడు విరిగిన ఫ్రేము తెస్తే ఇత్తడి పుల్లతో గ్యాసు వెల్డింగు చేశాను. ఇత్తడి దాదాపు 900 డిగ్రీలకి కరిగి సందులోకి పాకుతుంది. ఇనుము కరగడానికి 1500 దాకా కావాలి. ఇత్తడి పాకగానే మంట తీసెయ్యాలి. తెల్లపొగ లేచిందంటే ఇత్తడిలో జింకు కాలిపోతోందన్నమాట. ఆ రోజు తెల్లపొగ బాగానే లేచింది, నేను పట్టించుకోలేదు. మూడు నెలలకి సైకిలు మళ్ళీ విరిగింది. కుర్రాడి గడ్డానికి నాలుగు కుట్లు. అతుకు చెక్కుచెదరలేదు, దానికి వేలెడు దూరంలో గొట్టం తెగింది. ఆ ముక్క ఇవాళ్టికీ షాపులో మేకుకి వేలాడుతోంది. గొట్టం చివర్లు మందంగా, నడుమ పల్చగా ఉండేలా చేసే పద్ధతికి ఇంగ్లండులో రేనాల్డ్స్ వాళ్ళు 1897లోనే పేటెంటు తీసుకున్నారు. మంట తినేవీ దెబ్బ తినేవీ ఆ చివర్లేనని వాళ్ళకి అప్పటికే తెలుసు. నాకు ఆ కుర్రాడి గడ్డం చూస్తేగానీ తెలియలేదు.

పని చూడాలనుకుంటే ఆదివారం సాయంత్రం ఆరు దాటాక రండి. పట్టపగలు ఇనుము ఎర్రబడడం సరిగ్గా కనబడదు. వచ్చేటప్పుడు మీరు అతికిన మొదటి ఫ్రేము తెచ్చుకోండి. రంగు వేయకుండా తెండి. అతుకుల దగ్గర నిలువునా కోసి, ఇత్తడి లోపలిదాకా పాకిందో లేదో చూద్దాం. రంపం నా దగ్గరుంది.

ఆశీస్సులతో,
మీ సైకిలు షాపు తాతయ్య