పొగ మానాలంటే మొండిపట్టు ఒక్కటే చాలదు.. ఫోన్‌లో దొరికే ఉచిత సాయం ఇదీ

బడ్డీ కొట్టులో విడిగా ఒక్కో సిగరెట్ కొనేవారి కంట పడని నంబర్ ఒకటుంది: 1800-11-2356. ఇది జాతీయ పొగాకు క్విట్‌లైన్. 2018 సెప్టెంబరు నుంచి సిగరెట్, బీడీ, ఖైనీ ప్యాకెట్లపై హెచ్చరిక బొమ్మతో పాటు దీన్నీ ముద్రిస్తున్నారు.

పొగాకు మాన్పించే కేంద్రాలను జాతీయ కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఏర్పాటు చేస్తారు. ముదినేపల్లి నుంచి చేపల చెరువు కాపలానో, పొలం పనో వదులుకుని అంత దూరం పదేపదే వెళ్లడం అందరికీ కుదరదు. అలాంటివారికి ఫోనే దగ్గరి దారి.

సొంతంగా మానలేమా?

మానవచ్చు. కానీ ఏ సాయమూ లేకుండా చేసే ప్రయత్నాల్లో సుమారు 4 శాతమే ఫలిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇది మనసు బలహీనత కాదు. నికోటిన్‌కు అలవాటు పడిన మెదడు అది అందకపోతే చిరాకు, నిద్రలేమి, ఆరాటం పుట్టిస్తుంది. మొదటి వారం ఇవి తీవ్రంగా ఉండి, కొన్ని వారాల్లో తగ్గుతాయి.

ఏది పనిచేస్తుంది?

కౌన్సెలింగ్, మందులు కలిపితే ఫలితం ఎక్కువ. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల సారం ఇదే. మన దేశంలో 2 మిల్లీగ్రాముల నికోటిన్ చూయింగ్ గమ్ చీటీ లేకుండానే కొనవచ్చు. అయితే దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమలకూడదు. ఘాటు తగిలే వరకు నెమ్మదిగా నమిలి, బుగ్గన పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. టీ తాగిన వెంటనే వేసుకుంటే సరిగా పనిచేయదు. బుప్రోపియాన్, వరెనిక్లిన్ మాత్రలు మాత్రం డాక్టర్ రాస్తేనే వాడాలి. గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు ఏ మందుకైనా ముందు డాక్టర్‌ను అడగాలి.

ఫోన్ చేస్తే ఏమవుతుంది?

ఫోన్ ఖర్చు ఉండదు. సోమవారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. దక్షిణాది భాషలవారి కోసం బెంగళూరు నిమ్‌హాన్స్‌లో కేంద్రం ఉంది కాబట్టి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎప్పుడు తాగాలనిపిస్తుందో అడిగి, మానే తేదీ మీతోనే పెట్టిస్తారు. తర్వాత వాళ్లే ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కుంటారు.

ఈలోపు మీరేం చేయాలి?

తాగాలనే కోరిక సాధారణంగా కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు నీళ్లు తాగండి, నాలుగడుగులు వేయండి. టీతో పాటు సిగరెట్ అలవాటుంటే కొన్నాళ్లు టీ ఇంట్లోనే తాగండి. మానేశారని తోటివారికి చెప్పి, మీకు ఇవ్వొద్దని అడగండి.

మధ్యలో ఒకటి కాల్చినంత మాత్రాన అంతా పోయినట్టు కాదు. చాలామంది ఒకటికి మించి ప్రయత్నాల తర్వాతే పూర్తిగా మానగలిగారు. అలా జరిగితే మళ్లీ అదే నంబర్‌కు ఫోన్ చేయండి.