సైకిలు యాత్రా గ్రంథములు - మన విద్యార్థులు

దేశాటనము వలన జ్ఞానము వృద్ధి పొందునని మన పెద్దలు చెప్పిరి. పూర్వము దేశాటన మనగా సామాన్యులకు కాలినడక, కొంత కలవారికి ఎడ్లబండి, ధనవంతులకు పల్లకి. ఒకరిపై ఆధారపడక, తన కాలి బలముతోనే దూరదేశములు చూచి రాగల సాధనము సామాన్యునకు పందొమ్మిదవ శతాబ్దపు చివర లభించెను. అదియే సైకిలు. 1885లో ఇంగ్లండునందు జాన్ కెంప్ స్టార్లీ, రెండు చక్రములు ఇంచుమించు సమానముగా నుండి గొలుసుతో నడచు సైకిలును తయారుచేసెను. 1888లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందెను. నేడు మన యిండ్ల ముందర నిలిచియున్న సైకిలునకు ఆనాడే రూపు ఏర్పడినది.

మన పాఠశాల గ్రంథాలయమున సైకిలు యాత్రల పుస్తకములకు బీరువాలో ఒక అరయైనను కేటాయింపవలెనని నా అభిప్రాయము. ఇందుకు కారణము వినోద మొక్కటియే కాదు. మనము భాషల సరిహద్దున నివసించువారము. సిరొంచ తాలూకాలో తెలుగు, మరాఠీ, మాడియా గోండి ఒకే సంతలో వినబడును. గోదావరి వంతెన దాటిన కాళేశ్వరము; అది తెలంగాణము. ఇంద్రావతి ఆవలి ఒడ్డు ఛత్తీస్‌గఢ్. రైలులో పోవువానికి భాష మారుట స్టేషను పలకలపై మాత్రమే కనబడును. సైకిలుపై పోవువాడు మంచినీళ్లకు ఆగిన ప్రతి యింటను, పంక్చరు వేయించుకొన్న ప్రతి దుకాణమునను మాట మారుటను చెవులార వినును. కనుక ఈ గ్రంథములు మన పిల్లలకు పరాయివి కావు. మన బ్రదుకునకు దగ్గరివి.

అయితే అన్ని యాత్రా గ్రంథములు ఒక్క విలువ కలవి కావు. రచయిత ఎన్ని మైళ్లు తొక్కెనన్నది ముఖ్యము కాదు. దారిలోని మనుష్యులను ఎట్టి కంటితో చూచెనన్నది ముఖ్యము. ఈ గీటురాయిపై కొన్ని పుస్తకములను పరీక్షింతము.

మొదట చెప్పవలసినది థామస్ స్టీవెన్స్ వ్రాసిన 'అరౌండ్ ది వరల్డ్ ఆన్ ఎ బైసికిల్'. ఆయన 1884 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి, ముందు చక్రము మిక్కిలి పెద్దదిగా నుండు పాత కాలపు సైకిలుపై బయలుదేరి, 1886 డిసెంబరులో జపానునందలి యొకొహామా చేరెను. ఆఫ్ఘనిస్థానములో దారి దొరకక వెనుదిరిగి, చుట్టుదారిన మన దేశమునకు వచ్చి, లాహోరు నుండి కలకత్తా వరకు సైకిలుపై సాగెను. సాహసమునకు ఈ గ్రంథము సాటిలేనిది. కాని రచయితకు తూర్పు దేశముల ప్రజలు తరచు వింత వస్తువులుగా కనబడిరి. మన విద్యార్థులు దీనిని చదువవలెను. చదువునప్పుడు, ఈ చూపు మనపై ప్రసరించిన మనకెట్లుండునని కూడ ఆలోచింపవలెను.

ఆ లోపమును తీర్చునది మన బొంబాయి యువకుల గ్రంథము. 1923 అక్టోబరులో ఆరుగురు పారశీ యువకులు బొంబాయి నుండి ప్రపంచయాత్రకు బయలుదేరిరి. 1928 మార్చిలో యాత్ర ముగించి తిరిగి వచ్చినవారు ముగ్గురు: ఆది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా. వారు తొక్కిన దూరము సుమారు 71,000 కిలోమీటర్లు. మెసపొటేమియా ఎడారి, కొరియా, చైనా వంటి దేశములు వారి దారిలోనివి. 'విత్ సైక్లిస్ట్స్ అరౌండ్ ది వరల్డ్' అను వారి గ్రంథమునకు జవహర్‌లాల్ నెహ్రూ తొలిపలుకు వ్రాసిరి. పరాధీనమైన దేశము నుండి బయలుదేరిన సామాన్య యువకులు ప్రపంచమును తమ కన్నులతో చూచి తామే వ్రాసికొనుట చిన్న విషయము కాదు. మన రాష్ట్రపు విద్యార్థులందరు ఈ పేర్లు ఎరిగి యుండవలెను.

వంగదేశీయులు మరియొక అడుగు ముందుకు వేసిరి. బిమల్ ముఖర్జీ 1926లో మిత్రులతో కలకత్తా విడిచి, దారిలో పనులు చేసి ఖర్చులు సంపాదించుకొనుచు, 1937లో తిరిగి వచ్చెను. సిల్హెట్ ప్రాంతపు బనియాచంగ్ గ్రామస్థుడు రామనాథ్ బిశ్వాస్ 1931లో సింగపూరు నుండి సైకిలు యాత్ర ప్రారంభించెను. మొదటివాని 'దు చాకాయ్ దునియా' గాని, రెండవవాని అనేక యాత్రా గ్రంథములు గాని తమ మాతృభాషలో వ్రాసినవి. లోకమంతయు తిరిగివచ్చి, తమ ఊరివారు చదువుకొన గల భాషలో ఆ లోకమును వారికి పంచియిచ్చిరి. ఇది మనము ప్రత్యేకముగా గమనింపవలసిన సంగతి.

బాలికలకు మొదట ఇవ్వవలసిన పుస్తకము డెర్వ్లా మర్ఫీ వ్రాసిన 'ఫుల్ టిల్ట్'. ఐర్లండు దేశపు ఈ బాలికకు పదవ పుట్టినరోజున ఒక సైకిలు, ఒక ప్రపంచ పటముల పుస్తకము లభించినవి. ఆనాడే సైకిలుపై హిందూదేశమునకు పోవలెనని సంకల్పించెను. కాని పదునాలుగవ యేట బడి మానివేసి, రోగపీడితురాలైన తల్లికి ఏండ్ల తరబడి సేవచేసెను. తల్లి మరణించిన పిమ్మట, 1963 జనవరిలో ఒంటరిగా బయలుదేరి, టర్కీ, ఇరాను, ఆఫ్ఘనిస్థానము, పాకిస్థానము దాటి ఢిల్లీ చేరెను. గ్రంథము 1965లో వెలువడినది. ఇంటి బాధ్యత చేత చదువు ఆగిన బాలికకు ఆశ కూడ ఆగిపోనక్కర లేదని ఈ పుస్తకము చెప్పకయే చెప్పును.

దీనికి జతగా, పి. సాయినాథ్ 1996లో వెలువరించిన 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రౌట్' నందలి పుదుక్కోట్టై వ్యాసమును చదివింపవలెను. తమిళనాట ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతో పాటు లక్షకు పైగా స్త్రీలు సైకిలు నేర్చుకొన్న వృత్తాంత మందున్నది.

ఇక తెలుగున? సైకిలు పుట్టకముందే మనకు గొప్ప యాత్రా గ్రంథము కలదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశికి పోయి వచ్చి, దినచర్యగా వ్రాసిన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయినది. మన కాలమున మాచవరపు ఆదినారాయణగారి 'భ్రమణకాంక్ష' కాలినడక యాత్రలను చెప్పును. పరవస్తు లోకేశ్వర్‌గారి 'ఛత్తీస్‌గఢ్ స్కూటర్ యాత్ర' మన పొరుగు రాష్ట్రమును గూర్చినది. వాహనము వేరైనను చూపు ఒక్కటే. ఇవి కూడ ఆ అరలోనే ఉండదగినవి.

"పాఠ్యపుస్తకములే పూర్తి కాకున్నవి, ఇవి పరీక్షకు వచ్చునా?" యని తల్లిదండ్రులు అడుగవచ్చును. రావు. కాని భూగోళ పాఠమున పేర్లు వల్లించిన పిల్లవాడు ఎడారిలో నీరు దొరకని ముగ్గురు యువకుల కథ విన్నచో ఆ పేర్లను మరువడు. తెలుగు చదువు పరీక్ష వరకే, అటుపైన బ్రదుకు మరాఠీలోనో ఇంగ్లీషులోనో యను భావము మన యిండ్లలో పెరుగుచున్నది. ఆ రెండు భాషలు నేర్వవలసినవే. కాని లోకమునంతటిని తెలుగున చెప్పవచ్చునని పిల్లలు ఒకసారి చెవులార విననిచో, మాతృభాష వంటయింటి భాషగనే మిగులును.

పై గ్రంథములలో పెక్కు ఇంగ్లీషున నున్నవి, పిల్లలకు కష్టము. కనుక ఉపాధ్యాయులు వారమున కొక గంట, రెండు మూడు పుటలు చదివి తెలుగున చెప్పవలెను. విద్యార్థులు వంతులవారీగా దానిని వ్రాయవలెను. ఏడాది చివరకు ఒక వ్రాతపుస్తకము సిద్ధమగును. ఖర్చు కాగితమునకు మాత్రమే.

తల్లిదండ్రులకు మరియొక మనవి. మానవ వికాస కార్యక్రమము క్రింద మన రాష్ట్రమున వెనుకబడిన తాలూకాల బాలికలకు సైకిళ్లు లభించుచున్నవి. బడి ముగియగనే ఆ సైకిలు తమ్ముని పాలగుట న్యాయము కాదు. అది ఆమె సంపాదించుకొన్న చదువులో భాగము. దానిని ఆమె చేతనే యుండనిండు.

విద్యార్థులారా! మీరు ఢిల్లీకో జపానునకో పోనక్కర లేదు. సెలవు దినమున పెద్దల అనుమతితో పొరుగూరికి పోయి రండు. ఏ వాగు దాటితిరి, ఏ చెట్టు నీడన ఆగితిరి, ఎవరు ఏ భాషలో పలుకరించిరి, వ్రాయుడు. జింగనూరు దారిని గూర్చి తెలుగున వ్రాయుటకు మీకంటె తగినవారు ఎవరు? ఆ అరలో మీ పుస్తకమునకు కూడ చోటున్నది.